మా రోజుల్లో మంత్రం ఊరికే వచ్చేది కాదు

మా రోజుల్లో మంత్రగాడి పాత్ర తీసుకున్నవాడు ఆట మొదట్లో రోజుకి ఒక్కటంటే ఒక్క మంత్రం వేసేవాడు. అది వేసేశాక, మర్నాడు మళ్ళీ పుస్తకం ముందేసుకుని వల్లె వేసుకునేదాకా వాడి చేతిలో ఓ బాకో, ఓ కర్రో తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పటి పిల్లలు ఆదివారం మా ఇంటికొచ్చి కూర్చుంటారు. అరగంటలో పాత్ర తయారైపోతుంది. నిప్పురవ్వ విసిరే మంత్రాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు విసురుతారు. "మీవాడు ఈ విద్య ఎక్కడ నేర్చాడ్రా? ఎవరు చెప్పారు?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నా బాధంతా అక్కడే మొదలైంది.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి కొంచెం చెప్పాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కట్టిన ఆట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్. కథ నడిపేదీ, తగువొస్తే తీర్చేదీ ఆయనే. మిగతావాళ్ళు తలో పాత్ర పట్టుకుని మాటలతోనే ఆ కథలో తిరుగుతారు. పని అయిందా లేదా తేల్చడానికి నాలుగు ముఖాల పాచిక మొదలు ఇరవై ముఖాల పాచిక దాకా ఉంటాయి. నేను విజయనగరంలో డిగ్రీ ముగించుకుని ఎనభైల మొదట్లో అమెరికా వెళ్ళినప్పుడు, మా హాస్టల్ నేలమాళిగలో శనివారం రాత్రుళ్ళు ఈ ఆట సాగేది. 1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకం, 1979లో వచ్చిన డంజన్ మాస్టర్ పుస్తకం మాకు ప్రమాణం. ఉద్యోగ విరమణ చేసి ఊరు తిరిగొచ్చాక, ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు కొందరికి నేనే ఆడిస్తున్నాను. మా విజయనగరం, శ్రీకాకుళం పిల్లలే. బుద్ధిమంతులే. గురి ఉన్నవాళ్ళే. అందుకే వాళ్ళ మీద నాకు ఇంత పట్టుదల.

ఆ ఆటలో నన్ను మొదటిరోజే కట్టిపడేసింది రాక్షసుల బొమ్మలూ కాదు, నిధులూ కాదు. మంత్రం అందరికీ ఒకే దారిన రాదన్న సంగతి. విజార్డు చదివి సంపాదించుకుంటాడు. క్లెరిక్‌కి దేవత అనుగ్రహిస్తుంది. డ్రూయిడ్‌కి చెట్టూ పుట్టా ఇస్తాయి. బార్డు పాటలోంచి పుట్టించుకుంటాడు. తరవాతి రోజుల్లో వచ్చిన సోర్సరర్‌కి పుట్టుకతో వస్తుంది. వార్‌లాక్ ఏదో ఒక శక్తితో ఒప్పందం చేసుకుని తెచ్చుకుంటాడు. ఈ దారులు ఏవీ మా ప్రాంతం మనిషికి కొత్త కాదు. విజయనగరం కోట చుట్టూ, వంశధార ఒడ్డున, సీతంపేట కొండల మీద మా పెద్దలు నడిచిన దారులే. విద్య ఏ దారిన వచ్చిందో ఆ దారే మనిషిని మలుస్తుంది. ఆ దారి చెరిపేస్తే మంత్రాల పట్టీ మిగులుతుంది గానీ మంత్రగాడు మిగలడు. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ముందు చదివి నేర్చేవాడి సంగతి. మా రోజుల్లో విజార్డు అనేవారు కాదు, మేజిక్ యూజర్ అనేవారు. వాడికి కొత్త మంత్రం కనబడితే చాలదు, అది బుర్రకెక్కుతుందో లేదో శాతం పాచికలు వేసి తేల్చేవాళ్ళం. తెలివి అంకె తొమ్మిది ఉన్నవాడికి నూటికి 35 పాళ్ళే అవకాశం. పద్దెనిమిది ఉన్న మహా మేధావికి కూడా 85 పాళ్ళే. పాచిక తప్పిందా, ఆ మంత్రం మామూలుగా ఇక వాడికి అందదు. తోటివాడు ఆ మంత్రంతోనే కోటలు కూలుస్తుంటే చూస్తూ ఊరుకోవాలి. అందిన మంత్రాన్నయినా రోజూ ఎక్కించుకోవాలి. నిద్ర లేచాక, మంత్రం స్థాయిలో ఒక్కో మెట్టుకి పావుగంట చొప్పున. మూడో మెట్టు మంత్రం ఒకటి ఎక్కించుకోవాలంటే ముప్పావుగంట పుస్తకంలో తల దూర్చాల్సిందే. ప్రయోగించగానే అది మనసులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఈ పద్ధతి జాక్ వాన్స్ అనే అమెరికన్ రచయిత 1950లో అచ్చువేసిన ద డయింగ్ ఎర్త్ కథల్లోంచి వచ్చింది. అందులో మహా మాంత్రికుడికి కూడా ఒకేసారి మనసులో పట్టేవి గుప్పెడు మంత్రాలే. అందుకని ఏది ఎక్కించుకోవాలి, ఏది వదులుకోవాలి అని బయల్దేరేముందే ఆలోచించుకునేవాళ్ళం. ఆ ఆలోచనే సగం ఆట.

ఆ పాత పుస్తకంలో ఇంకో చక్కని సంగతుంది. ఏ మేజిక్ యూజర్‌కైనా తప్పకుండా ఉండే మొదటి మంత్రం నిప్పుదీ కాదు, మెరుపుదీ కాదు. మంత్రలిపి చదవగలిగే మంత్రం. ముందు చదవడం రావాలి, ఆ తరవాతే తక్కినవి. ఇది చదివినప్పుడల్లా నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి. ముఖలింగం గుడి గోడల మీద శాసనాలుంటే, ఆ పాత లిపి చెప్పేవాళ్ళు దగ్గర్లో లేకపోతే, తనంతట తాను కూర్చుని చదవడం నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనిపించింది. అప్పట్లో ఆ భాషకి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాటా మాటా కూడబెట్టారు. మన్యపు జ్వరాలకి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. అయినా 1931లో సవర భాషా గ్రంథం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. పుస్తకం లేనిచోట పుస్తకం తయారుచేసుకోవడం, అందుకు చెవులు ఇచ్చుకోవడం, ఇదీ విజార్డు లక్షణం. ఇప్పుడు మా పిల్లల విజార్డు పాత్ర స్థాయిలో ఒక మెట్టెక్కిన ప్రతిసారీ రెండు మంత్రాలు వాటంతటవే పుస్తకంలో చేరిపోతాయి. పాచిక లేదు, పరీక్ష లేదు. "మెట్టెక్కితే రెండు మంత్రాలు ఫ్రీ అండి తాతగారూ" అంటాడొకడు సంబరంగా. ఒరే నాయనా, ఎక్కడ దొరికాయిరా అవి? ఏ పాడుబడ్డ గుడిలో చూశావు? ఎవరి కాళ్ళు పట్టుకున్నావు? ఏమీ లేదు. దొరికిపోయాయంతే.

ఇక్కడ మన వేదపాఠం సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. విజార్డుది కంటి చదువు, వేదపండితుడిది చెవి చదువు. గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అంటాడు. దాన్ని సంత చెప్పడం అంటారు. సంహిత అయ్యాక పదం, పదం అయ్యాక క్రమం, తరవాత జట, ఆపైన ఘన. జట అంటే రెండు పదాలు తీసుకుని ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని ముందుకీ వెనక్కీ చెప్పడం. ఘనకి వచ్చేసరికి మూడు పదాలు: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. తరవాత ఒక పదం జరిగి మళ్ళీ మొదలు. స్వరం ఒక్కచోట తప్పకూడదు. చిన్నప్పుడు మొదలుపెట్టినవాడు మీసాలొచ్చాక ఘనాపాఠీ అవుతాడు. ఆటలో మంత్రం వేయగానే మరుపుకొస్తుంది. వీళ్ళకి ప్రాణం ఉన్నంతకాలం పోదు. అదీ చదువే, ఇదీ చదువే. రెండూ ఒకటి కావు. మా విజయనగరంలో 1860 నాటి సంస్కృత కళాశాల ఉంది. ఆ వీధిలో నడిచే పిల్లాడికి చదువులోనే ఇన్ని రకాలున్నాయని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇక క్లెరిక్. వీడు పూజారి. వీడికి పుస్తకం లేదు, ప్రార్థనే. 1979 నాటి పుస్తకంలో దీనికి మూడంచెల లెక్క ఉండేది. మొదటి రెండు మెట్ల మంత్రాలు తన శిక్షణ వల్ల, నిత్యపూజ వల్ల వస్తాయి. మూడు నుంచి ఐదు దాకా దేవత పరివారం చేతుల మీదుగా అందుతాయి. ఆరూ ఏడూ మాత్రం దేవతే స్వయంగా ఇవ్వాలి. నడత చెడిందా, ఇచ్చే చెయ్యి ఆగిపోతుంది. ప్రాయశ్చిత్తం చేసుకుంటే గానీ మళ్ళీ రాదు. మా పైడితల్లి అమ్మవారి ఊళ్ళో పుట్టినవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అమ్మవారి సిరిమాను ఉత్సవం జరిపే పూజారి ఆ పదవికి పరీక్ష రాసి రాడు. అది వంశంలో వచ్చేది. ఏటా సిరిమానుకి ఏ చింతచెట్టు కావాలో అమ్మవారు ఆయనకి కలలో చెబుతుందని మా నమ్మకం. ఆ చెట్టు ఏ ఊళ్ళో ఉందో వెతుక్కుంటూ వెళ్ళి, పూజచేసి తెస్తారు. ఉత్సవం ముందురోజు, తొలేళ్ళనాడు, రైతులకి విత్తనాలు పంచుతారు. విజయదశమి వెళ్ళిన మంగళవారం ఆ పొడుగాటి మాను కొసన కూర్చుని, మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. కిందినుంచి జనం అరటిపళ్ళు విసురుతుంటారు. ఆ ఎత్తున, ఆ జనం మధ్య ఆయన్ని కూర్చోబెట్టింది తెలివీ కాదు, కండబలమూ కాదు. నమ్మకం. అమ్మ మీద ఆయనకి, ఆయన మీద ఊరికి.

ఇప్పుడు మా పిల్లల క్లెరిక్కులు ఎలా ఉంటారంటే, దేవత పేరు అడిగితే "తరవాత పెడతానండి" అంటారు. పూజారి ముందు, దేవత తరవాత! గాయాలు మాన్పే మంత్రం మాత్రం టకటకా వేస్తారు. ఎవరి దయవల్ల మానుతోందో చెప్పలేరు.

డ్రూయిడ్ గురించి ఎక్కువ చెప్పను గానీ ఒక్క సంగతి మరిచిపోలేను. పాత పుస్తకం ప్రకారం పన్నెండో మెట్టు డ్రూయిడ్లు తొమ్మిదిమందే ఉంటారు, పదమూడో మెట్టువాళ్ళు ముగ్గురే, ఆ పైన మహా డ్రూయిడ్ ఒక్కడే. పైకి వెళ్ళాలంటే పైవాణ్ణి ఎదిరించి గెలిచి ఆ స్థానం సంపాదించాలి. అడవి అందరికీ ఒకేసారి పెద్దరికం ఇవ్వదన్నమాట. మన కొండల్లో సవరలూ జాతాపులూ కంది చేతికొచ్చినా, కందికొత్త పండగ చేసి దేవతకి పెట్టందే నోట పెట్టరు. ఏది ఎప్పుడు ముట్టాలో, ఎప్పుడు ముట్టకూడదో తెలియడమే అక్కడి విద్యకి మొదటి పాఠం. ఆ ఓపిక ఇప్పటి డ్రూయిడ్‌లో ఏదీ? మొదలుపెట్టిన కాసేపటికే ఎలుగుబంటిగా మారిపోతానంటాడు. ఎలుగుబంటిని ఎప్పుడైనా చూశావా అంటే సమాధానం ఉండదు. ఉద్దానం తోటల్లోకి ఎలుగులొచ్చి మనుషుల మీద పడిన వార్తలు చదివే జిల్లాలో పుట్టి కూడా!

బార్డు దగ్గరికి వద్దాం. నా గుండె ఎక్కువ మండేది ఇక్కడే. 1978 పుస్తకంలో బార్డు కావడమంటే మాటలు కాదు. మొదట యోధుడిగా మొదలుపెట్టి ఐదో మెట్టు చేరాలి. ఎనిమిదికి చేరకముందే అది వదిలేసి దొంగ విద్యలో దిగాలి. అందులోనూ ఐదుకి చేరాలి, తొమ్మిదికి చేరకముందే వదిలేయాలి. అప్పుడు డ్రూయిడ్ల దగ్గర శిష్యరికం చేస్తే, అక్కడినుంచి బార్డు. బలం, వివేకం, చురుకుదనం, ఆకర్షణ నాలుగూ పదిహేనుకి తగ్గకూడదు. మా హాస్టల్లో అంతదాకా వెళ్ళినవాణ్ణి నేను చూడలేదు. అందరం ఆశపడ్డవాళ్ళమే. అదేం విడ్డూరపు నియమం అని తోటివాళ్ళు విసుక్కుంటే, నేను మాత్రం అది సబబే అనేవాణ్ణి. ఎందుకంటే అలాంటి మనిషి ఒకరు మా ఊళ్ళో ఉండేవారు.

ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. హరికథ చెప్పాలంటే ఏం కావాలో ఒకసారి లెక్కవేయండి. సంగీతం రావాలి. లయ రావాలి. కాలికి గజ్జె కట్టి ఆడగలగాలి. సంస్కృతం, తెలుగు రావాలి. పురాణం నోటికి రావాలి. సభలో కూర్చున్న పండితుడికీ, వెనక వరసలో చుట్ట కాల్చుకునే రైతుకీ ఒకేసారి అందేలా మాట పడాలి. ఆయనకి ఇవన్నీ వచ్చు. అష్టావధానాలు చేశారు. ఒంట్లో ఒక్కో అవయవంతో ఒక్కో తాళం చొప్పున ఐదు తాళాలు ఒకేసారి వేసి చూపించేవారని ప్రసిద్ధి. ఉమర్ ఖయ్యాంని సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ దింపారు. 1919లో మా ఊళ్ళో మహారాజా వారు సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఇన్ని విద్యల మీదుగా నడిచి వచ్చినవాడు బార్డు. ఇప్పటి పుస్తకంలో బార్డు మొదటి మెట్టులోనే మంత్రాలతో దిగిపోతాడు. వాయిద్యం ఏదిరా అంటే "గిటార్ రాసుకున్నానండి" అంటాడు. రాసుకోవడమే. ఏ పాట పాడతాడో, ఎవరి దగ్గర నేర్చాడో, మొదటిసారి ఏ సభలో తడబడ్డాడో అడిగితే మాటుండదు. ఇదే సంగీత కళాశాలలో చదువుకోడానికి గాయకుడు ఘంటసాల వచ్చి, వారాలు చెప్పుకుని, మధూకరం ఎత్తుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయన్ని చేరదీసి పాఠం చెప్పారు. ఆ గొంతులో అన్నం విలువ తెలిసిన బరువుందంటే ఊరికే వచ్చిందా?

"మరి పుట్టుకతో వచ్చేవాడి సంగతేటండి? వాడికి గురువెందుకు?" అని శ్రీకాకుళం నుంచి వచ్చే కుర్రాడు ఒకసారి అడ్డం తగిలాడు. మంచి ప్రశ్న. సోర్సరర్ మా రోజుల్లో లేడు, 2000లో ఆట మూడో కూర్పుతో వచ్చాడు. పుస్తకం అక్కర్లేదు, మంత్రం రక్తంలోనే ఉంటుంది. తెలిసినవి తక్కువ, కానీ తెలిసినవాటిని ఎక్కువసార్లు వేయగలడు. నాకు ఆ ఏర్పాటు నచ్చింది, ఆ కొత్తదాన్ని నేను కాదనను. కానీ పుట్టుకతో వచ్చిందంటే సాధన అక్కర్లేదని కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు చిన్నప్పటినుంచీ చూపు సరిగా ఆననివారు. అన్నగారి దగ్గర వయొలిన్ పట్టారు. 1919లో మా సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని, నీకు నేర్పేదేముంది, నువ్వే నేర్పు అని ఆచార్యుడిగా పెట్టుకున్నారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఇంతకంటే జన్మతః వచ్చిన విద్య ఏముంటుంది? అయినా ఆయన కమాను పట్టని రోజుందా? పుట్టుకతో వచ్చినదానికి సాధన ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అది అదుపు లేకుండా వచ్చింది. ఆ అదుపు ఎలా వచ్చిందో చెప్పడమే సోర్సరర్ కథ. మా కుర్రాడు ఆ మాట విని ఆలోచనలో పడ్డాడు. అంతవరకూ సంతోషం.

వార్‌లాక్ దగ్గర మాత్రం పెద్ద తగువే అయింది. 2004లో విడి పుస్తకంలో వచ్చి, 2008లో మూలపుస్తకంలోకి ఎక్కిన వర్గం ఇది. మానవాతీతమైన శక్తితో ఒప్పందం పెట్టుకుని మంత్రం తెచ్చుకుంటాడు. మా పిల్లాడి వార్‌లాక్ మొదటి ఆదివారమే నల్లటి మెరుపు విసిరాడు. "ఎవరితోరా ఒప్పందం?" అన్నాను. "అది మూడో లెవెల్‌కి ఎంచుకుంటానండి" అన్నాడు. "ఇప్పుడు విసిరిన మెరుపెవరిచ్చారు మరి?" అన్నాను. పుస్తకం తీసి చూపించాడు. వాడి తప్పేమీ లేదు. 2024 కూర్పులో నిజంగానే అలా ఉంది. 2014 కూర్పులో వార్‌లాక్ ఎవరి అండ పట్టాడో, సోర్సరర్ రక్తం ఎక్కడిదో, క్లెరిక్ దేవత ఏ రంగానికి అధిదేవతో మొదటి మెట్టులోనే తేల్చుకోవాలి. కొత్త కూర్పులో అందరికీ అది మూడో మెట్టుకి జరిపేశారు. అందరూ సమానంగా మొదలవ్వాలని, కొత్తవాళ్ళు కంగారుపడకూడదని కారణం చెబుతారు. సంతకం పెట్టకముందే అప్పు చేతికిచ్చే ఒప్పందం ఒప్పందమే కాదు, ఇది నేను ఎన్నటికీ ఒప్పుకోను.

ఎందుకంటే ఆ ఒప్పందం ఎంత బరువైనదో మన కొండలకి తెలుసు. సీతంపేట, భామిని కొండల్లోనూ, ఆవలివైపు ఒడిశాలోనూ ఉండే సవరల్లో కుడన్ అని ఒకరుంటారు. ఆడవాళ్ళయితే కుడన్‌బోయి. వాళ్ళ దగ్గర ఉండి చూసి వెరియర్ ఎల్విన్ 1955లో పుస్తకం రాశాడు. పియర్స్ విటెబ్స్కీ 1993లో ఇంకోటి రాశాడు. అక్కడ ఎవరూ వెళ్ళి ఈ విద్య అడగరు. పాతాళ లోకపు మనిషి చిన్నతనంలోనే కలలోకి వచ్చి పిలుస్తాడు. ఆ లోకంలో అతనితో పెళ్ళవుతుంది, సంసారం ఉంటుంది, పిల్లలుంటారు. ఇక్కడ ఒక ఇల్లు, అక్కడ ఒక ఇల్లు. పూనకంలో ఆమె ఆ లోకానికి దిగితే, చనిపోయినవాళ్ళు ఆమె నోటివెంట మాట్లాడతారు. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో మాట్లాడతారు, వాదిస్తారు, నిలదీస్తారు, ఏడుస్తారు. అలా మాట్లాడగా మాట్లాడగా దుఃఖం తీరుతుంది. ఒక మనిషి జీవితం మొత్తం రెండు లోకాల మధ్య తాకట్టు పెడితే, ఊరికి ఆ ఓదార్పు దక్కేది. విటెబ్స్కీ తరవాత 2017లో రాసిన పుస్తకంలో, ఒకనాడు తాను చూసిన ఊళ్ళలో కొత్తతరం క్రైస్తవంలోకి వెళ్ళిపోయిందనీ, చనిపోయినవాళ్ళతో ఆ మాటలు ఆగిపోయాయనీ చెప్పాడు. ఎవరి మతం వాళ్ళిష్టం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ మనిషి ఏం ఇచ్చి ఆ శక్తి తెచ్చుకుందో తెలిస్తే, వార్‌లాక్ ఆడేవాడు "తరవాత ఎంచుకుంటా" అనలేడు.

ఈ దారులన్నీ ఒకటి చేయడం ఇవాళ మొదలైంది కాదు. 2008 నాటి నాలుగో కూర్పులో కత్తి పట్టినవాడికీ, మంత్రం వేసేవాడికీ ఒకే పట్టిక ఇచ్చారు. ఎప్పుడైనా వాడేవి కొన్ని, పోరాటానికి ఒకసారి వాడేవి కొన్ని, రోజుకి ఒకసారి వాడేవి కొన్ని. పేర్లు వేరు, లెక్క ఒకటే. ఆ పద్ధతిని చాలామంది తిప్పికొట్టారు, తరవాత మార్చుకున్నారు. ఇప్పుడు మళ్ళీ మెల్లగా అటే వెళుతోంది. 2024 పుస్తకంలో మంత్రం వేసే వర్గాలన్నిటికీ సిద్ధం చేసుకున్న మంత్రాలనే ఒకే మాట. చదివినవాడూ, పుట్టుకతో వచ్చినవాడూ, వరం పొందినవాడూ, బేరం చేసినవాడూ అందరూ మంత్రాల్ని సిద్ధం చేసుకోవడమే. రక్తంలో ఉన్నదాన్ని సిద్ధం చేసుకోవడమేమిటో నాకర్థం కాదు.

నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళకి కూడా ఒక న్యాయం ఉంది, దాన్ని దాటవేయను. పాత ఆటలో అడ్డుగోడలు చాలా ఉండేవి. మరుగుజ్జు జాతివాడు మేజిక్ యూజర్ కాకూడదు. ఫలానా జాతివాడు ఫలానా మెట్టు దాటకూడదు. మన దగ్గరా అంతే. వేదం సంత చెప్పే ఇళ్ళ అరుగు అందరికీ దక్కలేదు. మనుషుల్ని పుట్టుక చూసి బయట నిలబెట్టారు. ఆ గోడలు ఆటలోనూ పోయాయి, బయటా పోవాలి. ఎవరైనా ఏ విద్యయినా పట్టొచ్చు అన్నది ఈ కాలం తెచ్చిన గొప్ప మేలు. కానీ గోడ పగలగొట్టినవాళ్ళు మెట్లు కూడా తీసేశారు. ఎవరు ఎక్కొచ్చన్నది ఒక సంగతి, ఎలా ఎక్కాలన్నది ఇంకో సంగతి. మొదటిది అందరికీ ఇచ్చేసి, రెండోది ఎవరికీ లేకుండా చేశాం.

ఇది ఆట దగ్గర ఆగితే నేనింత గొంతు చించుకోను. పిల్లలకి వయొలినైనా, సంస్కృతమైనా, కోడు రాయడమైనా, హరికథైనా ఇవాళ ఒకే దారిలో వస్తోంది. ఫోన్లో వీడియో. వేగం రెండింతలు చేసుకుని చూస్తారు. వీడియోలో మేలు లేదనను. గురువు దొరకని పల్లెలో పిల్లకి అదే ఆధారం. కానీ కన్ను నేర్చేది వేరు, చెవి నేర్చేది వేరు, చెయ్యి నేర్చేది వేరు. తప్పు చేసిన క్షణంలో పక్కనుండి ఆపే మనిషి నేర్పేది ఇంకా వేరు. జముకుల కథ చెప్పేవాడి వెనకాల తిరిగి, వంత పాడి, జముకు మోసి, ఒకరోజు ముందుకొచ్చి కథ అందుకున్న కుర్రాడికి తెలిసింది, ఏ తెరా చెప్పలేదు. మా ప్రాంతంలో ఈ దారులు ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు. సంగీత కళాశాల ఉంది. సంస్కృత కళాశాల ఉంది. తప్పెటగుళ్ళ దళాలున్నాయి. తూర్పు భాగవతం ఆడేవాళ్ళున్నారు. ఇన్ని రకాల గురుకులాల మధ్య పుట్టి, మంత్రం ఎక్కడినుంచి వస్తుందంటే పుస్తకంలో పట్టిక చూపించే పిల్లల్ని చూస్తే కోపం రాక ఏమవుతుంది?

అందుకని మా బల్ల దగ్గర కొత్త నియమం పెట్టాను. పుస్తకం ఏ కూర్పుదైనా సరే. పాత్ర తెచ్చేవాడు మొదటి మంత్రం ఎవరి దగ్గర అందుకున్నాడో మనిషి పేరుతో, ఊరి పేరుతో రాసుకురావాలి. దానికి ఏం చెల్లించాడో రాయాలి: కాలమో, కళ్ళో, అన్నమో, నిద్రో, మాటో. విజార్డైతే తనకి అందని మంత్రం ఒకటి చెప్పాలి. క్లెరిక్ అయితే అమ్మవారికి ఏ రోజు మొక్కుతాడో చెప్పాలి. బార్డైతే నేర్చి వదిలేసిన విద్య ఒకటి ఉండాలి. వార్‌లాక్ అయితే ఒప్పందం మొదటిరోజే, మొదటి మెరుపుకి ముందే. పిల్లలు మొదట గొణిగారు. తరవాత రాసుకొచ్చారు. వార్‌లాక్ కుర్రాడు తన పాత్రకి వీరఘట్టంలో ఓ ముసలమ్మని గురువుగా పెట్టుకుని, ఆమెకిచ్చిన మాట ఏమిటో రెండు పేజీలు రాశాడు. ఆ ఆదివారం ఆట రాత్రిదాకా సాగింది, ఒక్కడూ ఫోన్ తీయలేదు. పిల్లల్లో లోపం లేదు, అడిగేవాళ్ళు లేకపోవడమే లోపం. మీ ఇంట్లోనూ ఇలాంటి ఆట ఆడే పిల్లలుంటే, ఇంతసేపు ఆడతావేంట్రా అని కసురుకోకండి. పక్కన కూర్చుని, ఈ విద్య నీకెవరు చెప్పారు, బదులు ఏమిచ్చావు అని అడగండి.